వాటర్‌షెడ్డు నిధులకు గ్రామముల నెన్నుకొనెడి మార్కుల లెక్క

మన సంఘసభ్యులు సమావేశములలో తఱచుగా అడిగెడి ప్రశ్న యొకటి కలదు. "ప్రక్క ఊరికి గట్లు వేసిరి, వంకకు అడ్డముగా చెక్‌డ్యాములు కట్టిరి, బోడిగుట్టమీద మొక్కలు నాటిరి. మా నేల అంతకంటె చెడియున్నది. మాకేల రాలేదు?" అని వారడుగుదురు. దీనికి పలుకుబడియే కారణమని జవాబు చెప్పుకొని లేచిపోవుట మనకు వాడుక. పలుకుబడికి చోటే లేదని నేను చెప్పజాలను. అయినను, వాటర్‌షెడ్డు పథకములకు ప్రాంతముల నెన్నుకొనుటకై 2008వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు మార్కుల పట్టిక నొకదానిని ఏర్పఱచిరి. ఏ గుణమునకు ఎన్ని మార్కులో అందు స్పష్టముగా వ్రాసియున్నది. దానిని చూచిన రైతులు మిక్కిలి తక్కువ. ఆ లెక్కను, దాని వెనుకనున్న యోచనను ఇచట విడమఱచి చెప్పుదును. లెక్క తెలిసినపిమ్మట, ఊరు వెనుకబడుటకు పలుకుబడి లేకపోవుట కాక, పొరుగూరితో కలియకపోవుటయే కారణమని కొన్నిచోట్లనైనను తేలగలదు.

ముందుగా వాటర్‌షెడ్డు అనగా నేమో చెప్పవలయును. వాన కురిసినపుడు ఎంత మేర పడిన నీరు ఒక్క వంకలోనికో ఒక్క చెరువులోనికో దిగునో, ఆ మేర యంతయు ఒక వాటర్‌షెడ్డు. దాని హద్దు మిట్టమీది గీత. గీతకు ఈవల పడిన చినుకు ఈ వంకకు, ఆవల పడినది ఆ వంకకు పోవును. సర్వేరాయితోగాని ఊరి పొలిమేరతోగాని దానికి పనిలేదు. ఒక ఊరి పొలము రెండు మూడు వాటర్‌షెడ్లలో నుండవచ్చును. ఒకే వాటర్‌షెడ్డున మూడు ఊళ్ల పొలము లుండవచ్చును. రైతు మఱచిపోయి చిక్కులు తెచ్చుకొను విషయ మిదియే.

ఈ పథకముల పూర్వకథ కొంచెము తెలియవలెను. అనావృష్టి ప్రాంతముల పథకము 1973-74లోను, ఎడారి ప్రాంతముల పథకము 1977-78లోను, బీడుభూముల అభివృద్ధి పథకము 1989-90లోను ఆరంభమయ్యెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమము, ఒక్కొక్క కచేరి. మన తెలుగువారగు ఆర్థికశాస్త్రజ్ఞులు సి.హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1994లో నివేదిక నొసగగా, 1995 ఏప్రిలు నుండి ఇంచుమించు 500 హెక్టార్ల ప్రాంతమును ఒక ఘటకముగా దీసికొని, గ్రామస్థుల చేతనే పని చేయించు పద్ధతి వచ్చినది. (హెక్టారనగా రెండున్నర ఎకరములకు కొంచెము తక్కువ.) పిదప పార్థసారథి సంఘము 2006లో ఇచ్చిన నివేదికను ఆధారము చేసికొని 2008లో ఉమ్మడి నియమావళి వెలువడినది. మైదానములలో హెక్టారునకు 6,000 రూపాయలుగా నున్న వ్యయపరిమితి అపుడు 12,000కును, కొండప్రాంతములకు 15,000కును పెరిగినది. అంతకంటె ముఖ్యమైన మార్పు మఱియొకటి. ఒంటరియగు 500 హెక్టార్లకు బదులు, ఒకదాని నొకటి అంటియున్న చిన్న వాటర్‌షెడ్లను గుంపుగా గూర్చి, సుమారు 1,000 మొదలు 5,000 హెక్టార్ల వఱకు ఒకే పథకముగా చేపట్టవలయునని నిర్ణయించిరి. మార్కుల పట్టికయు ఈ నిర్ణయముననుసరించియే తయారైనది.

ఇక పట్టికలోనికి వత్తము. మైదానపు ప్రాంతమునకు రాదగిన గరిష్ఠపు మార్కులను నేను కూడి చూడగా 135 అయినవి. ఇవి మూడు తెఱగుల విషయములమీద పంచబడినవి.

మొదటి తెఱగు జనుల స్థితి. జనాభాలో బీదలు నూటికి 80 మందికి మించినచో 10 మార్కులు, 50 మొదలు 80 వఱకు నున్నచో ఏడున్నర, 20 మొదలు 50 వఱకు 5, అంతకు తక్కువైన రెండున్నర. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు నూటికి 40కి మించినచో 10, 20 మొదలు 40 వఱకు 5, అంతకు తక్కువైన 3. ఊరిలో వాస్తవముగా ముట్టెడి కూలి ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలికంటె బాగుగా తక్కువైనచో 5. సమానముగనో ఎక్కువగనో యున్న సున్న. చిన్న, సన్నకారు రైతులు నూటికి 80కి మించినచో 10, 50 మొదలు 80 వఱకు 5, అంతకు తక్కువైన 3. ఈ నాలుగును కలిసి 35.

రెండవ తెఱగు నేల, నీరు. దీనికే పట్టికలో పెద్దవాటా, 75 మార్కులు. వర్షాధారపు సేద్యము నూటికి 90కి మించిన 15, 80 మొదలు 90 వఱకు 10, 70 మొదలు 80 వఱకు 5. అంతకు తక్కువైనచో ఆ ప్రాంతమును త్రోసివేయుటయే. కాలువనీరు, బావినీరు పుష్కలముగా నున్న ఊరు ఈ నిధి నాశింపరాదన్నమాట. చెడిన భూమి నూటికి 20 పాళ్లకు మించినచో 15, 10 మొదలు 20 వఱకు 10, అంతకు తక్కువైన 5. త్రాగునీటికి ఆధారమే లేని ఊరికి 10, చిక్కుపడుచున్న ఊరికి ఏడున్నర, కొంతవఱకు సదుపాయమున్న ఊరికి 5, పూర్తిగా నున్న ఊరికి సున్న. భూగర్భజలమునకు 5 మార్కులే. ఏటేట నేలలోనికి ఇంకెడి నీటికంటె ఎక్కువగా తోడుచున్న ప్రాంతమునకు ఆ 5 ను, విషమస్థితిలో నున్నదానికి 3, దానికి చేరువైనదానికి 2, భద్రమైనదానికి సున్న. బోర్లు ఎండిపోయి అప్పులపాలైన మెట్టరైతును చూచినవాడు ఈ విషయమునకు 5 మార్కులు చాలవనును. నేనును ఆ మాటయే అందును.

తేమ సూచికయని యొక గడి యున్నది. దానికి 15 మార్కులు. ఇది రైతులకు క్రొత్తమాట గాన కొంచెము నిలిచి చెప్పెదను. ఒక సంవత్సరములో ఎండకు, గాలికి నేలనుండియు పైరునుండియు ఎంత నీరు ఆవిరియై పోగలదో లెక్కకట్టుదురు. ఆ నీటికోరికలో వాన ఎంతభాగమును తీర్చుచున్నదో చూతురు. కోరిక నూరుపాళ్లై వాన మూడవవంతు మాత్రమే కురిసినచో మూడింట రెండుపాళ్ల లోటు. సూచిక ఋణము 66.7 అని వ్రాయుదురు. వాన మూడింట రెండువంతులైనచో లోటు మూడవవంతు. సూచిక ఋణము 33.3. మొదటి గీతకు దిగువనున్న ఎడారిప్రాంతమునకు 15 మార్కులు, రెంటి నడుమనున్న అనావృష్టి ప్రాంతమునకు 10, అంతకంటె తడిగల ప్రాంతమునకు సున్న. కనుక వాన ఎన్ని అంగుళములని మాత్రమే చెప్పిన చాలదు. వానలు సమానముగా కురిసిన రెండు ప్రాంతములలో ఎండ, గాలి హెచ్చుగానున్నది ఎక్కువ లోటుగలదగును.

నేలయొక్క శక్తికి 15 మార్కులు. ఈ గడిని పలువురు తప్పుగా గ్రహింతురు. మిక్కిలి చెడిన నేలకే ఎక్కువ మార్కులని వారి తలంపు. పట్టిక అట్లనలేదు. ఇపుడు తక్కువ పండుచు, ఓపినంత శ్రమచేత పంట బాగుగా హెచ్చగల నేలకే నిండుమార్కులు. మధ్యరకమునకు 10. ఇప్పటికే బాగుగా పండుచు, ఇక కొంచెమే హెచ్చగలదానికి 5. రోగి కడుపేదయైన చాలదు, మందు పనిచేయు రోగియై యుండవలెనని వైద్యుడు చూచినట్లే ఇదియు.

మూడవ తెఱగు పొరుగు. దీనిపై రెండు గడులే కలవు గాని, నా యెన్నికలో పట్టికకు ప్రాణము వీనియందే యున్నది. లోగడ బాగుచేయబడిన వాటర్‌షెడ్డును అంటియుండి, పథకములోని చిన్న వాటర్‌షెడ్లు తమలో తాము కూడ అంటియున్నచో 10 మార్కులు. తమలో తాము అంటియుండి పాతదానికి దూరమైనచో 5. ఏదియు లేనిచో సున్న. ఇక గుంపు విషయము. మైదానమున ఆఱింటికి మించిన చిన్న వాటర్‌షెడ్లు గుంపుగా నున్నచో 15, నాలుగు మొదలు ఆఱు వఱకు 10, రెండు మొదలు నాలుగు వఱకు 5. కొండప్రాంతములకు మెట్లు కొంచెము తక్కువ: ఐదింటికి మించిన 15, మూడు మొదలు ఐదు వఱకు 10. ఈ రెండు గడులు కలిసి 25 మార్కులు. బీదలసంఖ్యకును, షెడ్యూల్డు కులముల, తెగల సంఖ్యకును కలిపి వచ్చునవి 20 మాత్రమే యని జ్ఞాపకముంచుకొనుడు.

ఇది ఎట్లు పనిచేయునో కల్పించిన రెండు ఊళ్లతో చూపెదను. ఎగువనున్నదానిని గట్టుపల్లె యనియు, దిగువనున్నదానిని చెరువుపల్లె యనియు పిలుతము. గట్టుపల్లెలో బీదలు నూటికి 55, మార్కులు ఏడున్నర, షెడ్యూల్డు కులములవారు 25, మార్కులు 5, కూలి తక్కువ, 5, చిన్నరైతులు 84, మార్కులు 10, భూగర్భజలము విషమస్థితి, 3, తేమకు 10, వర్షాధారము నూటికి 93, మార్కులు 15, త్రాగునీటి చిక్కు, ఏడున్నర, చెడిన భూమి 24 పాళ్లు, 15, నేలశక్తికి 15. మొత్తము 93. చెరువుపల్లెలో అదే వరుసను 5, 5, సున్న, 5, 5, 10, 10, 5, 10, 10, మొత్తము 65. ఇంతవఱకు రెంటికిని 28 మార్కుల భేదము.

ఇపుడు పొరుగు గడులకు వత్తము. గట్టుపల్లెవారు మేత విషయమై దిగువవారితో తగవుపడి ఒంటరిగా అర్జీ పెట్టిరనుకొందము. వారికి రెండు గడులలోను సున్న. చెరువుపల్లెవారు ప్రక్కన పూర్వము బాగుపడిన ప్రాంతమును అంటి, ఏడు చిన్న వాటర్‌షెడ్లను గూర్చి అర్జీ పెట్టిరి. వారికి 25. అనగా 93కు ఎదుట 90. ఇరువది యెనిమిది మార్కుల కరవు, బీదతనము మూడు మార్కులకు దిగిపోయినవి. అదే గట్టుపల్లె గుంపులో చేరియుండినచో 118. కలిసినపిదప శాతములు గుంపంతటికి కలిపి తీసినచో గట్టుపల్లె మార్కులు కొంత తగ్గును, చెరువుపల్లెవి కొంత పెరుగును. తగ్గినను ఒంటరిగా నున్నదానికంటె మేలే. ఈ లెక్కను చూచి, "బీదయూరు పొరుగుతో తగవుపడిన దాని బీదతనమే మాసిపోవునా? ఇది న్యాయమా?" యని అడుగవచ్చును. అడుగదగినదే. గాని నేల తీరు చూచిన ఈ కఠినత్వమునకు అర్థము తెలియును.

పని కొండనెత్తినుండి లోయకు దిగివచ్చుట ఈ శాస్త్రపు మొదటి నియమము. ఎగువను నీటి పరుగు తగ్గింపక దిగువను చెక్‌డ్యాము కట్టినచో, కొలది వానాకాలములకే అది ఒండ్రుతో పూడిపోవును. దిగువరైతు చెరువు పూడికకు కారణము ఎగువరైతు పొలములోనుండి కొట్టుకొనివచ్చిన మన్నే. ఆ మన్ను ఎగువవానికి నష్టము, దిగువవానికి నష్టము. ఎవరికిని లాభము లేదు. మఱి ఎగువను గట్లు వేసి, గుట్టమీద పశువులను మాన్పినపుడు కష్టమంతయు ఎగువవానిది. గట్టుక్రింద అతని నేల కొంతపోవును, మేకలకు మేత తగ్గును. బావులలో నీరు ఊరుట మాత్రము ముందుగా దిగువవానికి కనబడును. ఈ ఎచ్చుతగ్గులను ఊళ్లు తమలో తాము సరిచేసికొననిదే ఏ ఇంజనీరు కట్టిన కట్టయు నిలువదు.

దీనికి మన దేశముననే ప్రసిద్ధమైన దృష్టాంత మొకటి కలదు. చండీగఢు నగరమునందలి సుఖ్నా సరస్సు కొండలనుండి దిగిన మన్నుతో పూడిపోవుచుండెను. ఆ మన్ను ఎక్కడిదని వెదకగా, ఎగువనున్న సుఖోమాజ్రి గ్రామపు కొండలు పశువుల మేతచేత బోడివై కోతపడుచున్నవని తేలినది. 1970 దశకపు చివరిభాగమున అచట చిన్న మట్టికట్టలు కట్టి, ఆ నీటిని ఊరివారికి వాటాలు వేసిరి. భూమిలేనివారికిని నీటివాటా దక్కినది. అపుడు కొండమీద మేపుట మానుటకు ఊరంతయు ఒప్పుకొన్నది, గడ్డి పెరిగినది, మన్ను నిలిచినది. ఆజ్ఞచేత కానిపని వాటాచేత అయినది. మన గట్టుపల్లె, చెరువుపల్లెల మధ్యను ఇట్టి ఒడంబడిక యేదైన కుదిరియుండినచో 25 మార్కులు పోకయుండెడివి.

పట్టికలో గడియే లేని నష్ట మొకటి కలదు. అది దొంక. పొలములలోనికి బండ్లు పోయెడి దారిని ఎవరి ఖాతాలోను వేయరు. తరతరముల బండిచక్రములును, నేడు ట్రాక్టరు చక్రములును త్రొక్కి త్రొక్కి అది ఇరుప్రక్కల పొలముకంటె లోతై, వానాకాలమున వంకగా మాఱును. పొలములకు కాంటూరు గట్లు ఎంత చక్కగా వేసినను, గట్టు చివర నీరు దొంకలో పడినచో మరల పరుగందుకొని మన్నును చెరువులోనికి ఈడ్చుకొనిపోవును. అది పోరంబోకు గనుక గట్లు వేయువారు దానిని దాటిపోవుదురు.

కొండదారులు వేయు పనివారు పాటించెడి సూత్ర మొకటి రైతులకును పనికివచ్చును. దారి వాలు, అది పోవుచున్న మిట్ట వాలులో సగమునకు మించరాదు. మించినచో నీరు దారిని అడ్డముగా దాటిపోక దారివెంటనే పరుగెత్తును. నిటారుగా దిగు దొంకను మఱలించుట సాధ్యము కానిచో, దారికి కొంచెము ఏటవాలుగా మట్టితోను రాతితోను అడ్డుమిట్టలు వేసి, ఒక్కొక్క మిట్టవద్ద నీటిని ప్రక్కనున్న గడ్డినేలలోనికి త్రిప్పివిడువవలెను. వాలు హెచ్చైనకొలది మిట్టలు దగ్గఱగా నుండవలెను. నీరు పడుచోట రాళ్లు పఱవనిచో క్రొత్తగండి పుట్టును. పథకము మంజూరైన పిదప తయారగు సవివరపు నివేదికలో దొంకను చేర్పించుట ఊరివారి పని. అడుగనిదే అది అందు చేరదు. అమెరికా దేశమున కాలిబాటల నిర్మాణమునకు, మరమ్మతునకు 1991 మొదలు ప్రత్యేకనిధియే యున్నది. అచటి రాష్ట్రములు పలుచోట్ల అర్జీలకు మార్కులు వేసి ఏర్చుచు, సాధారణముగా ఖర్చులో నూటికి 80 పాళ్లు ఆ నిధినుండి యిచ్చి, మిగిలినది అర్జీదారులను చూపుకొనుమనును. మనకు దొంకలకై వేఱుగా గడి లేదు గాన, ఉన్న పథకములోనే చోటు సంపాదింపవలెను.

పట్టిక చూడని విషయము మఱియొకటి, కట్టినదానిని కాపాడుట. పూర్వము వేసిన గట్లను ఏటేట మరమ్మతు చేసికొనుచున్న ఊరికిని, దున్ని చదునుచేసిన ఊరికిని ఈ లెక్కలో భేదము లేదు. నాకు అధికారమే యున్నచో దీనికి 10 మార్కులు పెట్టియుందును. నియమావళి ఈ లోటును మఱియొకవిధమున తీర్పజూచినది. సొంతభూములలో చేసిన నేల, నీటి పనుల వ్యయములో రైతు నూటికి 10 పాళ్లు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, చిన్న, సన్నకారు రైతులు 5 పాళ్లు, రొక్కముగనో శ్రమగనో చెల్లింపవలెననియు, ఆ సొమ్ము వాటర్‌షెడ్డు నిధియై పథకము ముగిసిన పిదప ఉమ్మడి కట్టడముల మరమ్మతునకు ఉపయోగపడవలెననియు నిబంధన. హెక్టారునకు 12,000 రూపాయల పని జరిగినదనుకొన్నను చిన్నరైతు వాటా 600 మాత్రమే. ఈ సొమ్మును కూలిలో కోసి కాగితముపై జమచూపిన ఊళ్లలో, అది తమదను భావము రైతుకు కలుగదు. రసీదు పుచ్చుకొని చెల్లించిన రైతు మాత్రము చెక్‌డ్యాము పగిలిననాడు నిధిలో ఎంతయున్నదని లేచి అడుగును.

మార్కులకొఱకు అంకెలను పెంచి వ్రాయు దురభ్యాసమును గూర్చి ఒకమాట. చెడిన భూమి యెంతయో ఆకాశమునుండి తీసిన ఉపగ్రహ చిత్రములలో కనబడును. వర్షాధారము ఎంతయో అడంగలులోను, పహాణీలోను ఉన్నది. జనసంఖ్య జనాభా లెక్కలలో నున్నది. ఒక్క గడిలో అబద్ధము పట్టుబడినచో తక్కిన గడులనుకూడ అధికారి నమ్మడు. నిజమైన అంకెలకే నిండుమార్కులు రాదగిన ఊళ్లు, వాని ఋజువులను జతపఱుపక పోగొట్టుకొనుచున్నవి.

ఈ పథకము 2009-10లో సమీకృత వాటర్‌షెడ్డు కార్యక్రమముగా ఆరంభమై, 2015లో ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో భాగమయ్యెను. 2021లో దానికి నూతన నియమావళి వచ్చి, మైదానమునకు హెక్టారు వ్యయపరిమితి 22,000 రూపాయలకు, కఠినప్రాంతములకు 28,000కు హెచ్చినది. ఆ దఫా కాలము 2025-26 వఱకని నిర్ణయించిరి. కావున 2008 నాటి పట్టికను అచ్చముగా అదేయని పట్టుకొని అర్జీ వ్రాయరాదు. జిల్లా వాటర్‌షెడ్డు కార్యాలయమునకు పోయి, అమలులోనున్న పట్టిక నకలు నడిగి తెచ్చుకొని, పైన చూపిన రీతిగా మీ ఊరి మార్కులను మీరే ముందు వేసికొనుడు. గడి కొక ఋజువు చొప్పున అడంగలు నకళ్లు, జనాభా అంకెలు, వేసవిలో బావులలో నీటిమట్టపు కొలతలు చేర్చుడు. సంఘపు కార్యదర్శి ఒక నోటుపుస్తకమునందు చైత్ర వైశాఖములలో నెలకొకసారి పది బావుల లోతు కొలిచి వ్రాసియుంచినచో చాలును. దానికి ఖర్చు ఒక తాడు, ఒక రాయి. మిట్టగీత ఎక్కడ పోవుచున్నదో ఎగువ దిగువ ఊళ్ల పెద్దలు కలిసి నడచి చూచి, పటముమీద గుర్తించి, మేతను గూర్చియు నీటిని గూర్చియు కుదిరిన ఒడంబడికను రెండు గ్రామసభలలోను తీర్మానముగా వ్రాయించి, ఆ నకళ్లను అర్జీకి కుట్టి పంపవలయును.